కాఫిరు, జిమ్మీ: మన అనువాదములు

మన చారిత్రక నవలలలో ముసల్మాను సర్దారు నోరు తెరిచెనా, ‘కాఫిర్’ అను మాట వెలువడక మానదు. పాఠకులు దానిని తిట్టుగా గ్రహింతురు. రచయితయు తఱచుగా అంతకు మించి విచారింపడు. ముష్రిక్, అహ్లెకితాబు, జిమ్మీ అను తక్కిన మాటలు మన పుస్తకములలో అరుదు. కనబడినను అన్నిటికిని ‘అన్యమతస్థుడు’ అను నొక్క ముసుగే వేయబడును. పొరుగింటివాని గ్రంథములు మనలను ఏమని పిలుచుచున్నవో తెలియక కోపించుటయు, తెలియక మెచ్చుకొనుటయు రెండును మంచివి కావని తలచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

‘కాఫిర్’ మాటకు మూలమైన అరబీ ధాతువునకు కప్పుట యని మొదటి యర్థము. విత్తనమును మంటితో కప్పు సేద్యగాడును కాఫిరే. ఖురాను 57వ అధ్యాయము 20వ వాక్యమునందలి ‘కుఫ్ఫార్’ అను బహువచనమునకు పెక్కుమంది వ్యాఖ్యాతలు కృషీవలులనియే అర్థము చెప్పిరి. పొందిన మేలును కప్పిపుచ్చువాడు కృతఘ్నుడు. 26వ అధ్యాయమున ఫరో చక్రవర్తి మోషేను నిందించునపుడు ఈ యర్థమే పొసగును. తెలిసిన సత్యమును కప్పువాడనునది మతార్థము. నేటి తెలుగు ఖురాను అనువాదములందలి ‘సత్యతిరస్కారి’ ఈ మూడవ భావమును చక్కగా పట్టినది. ‘అవిశ్వాసి’ కంటె ఇదియే మేలని మా యభిప్రాయము. కొందఱు వాడు ‘నాస్తికుడు’ మాత్రము శుద్ధతప్పు. మూడుపూటల పూజ చేయువానిని నాస్తికుడనుట యెట్లు?

అయినను సత్యతిరస్కారి యనుటలో నొక చిక్కు గలదు. తిరస్కరింపవలెనన్న ముందు వినియుండవలెను గదా! విననివాని గతి యేమి? ఈ ప్రశ్న మనకు క్రొత్తగా తోచినది కాదు. 1111లో మరణించిన గజాలీ పండితుడు దీనిని సూటిగా చర్చించెను. ప్రవక్త పేరే వినని దూరదేశస్థులును, ఆయనను గూర్చి వికృతమైన మాటలే విన్నవారును దైవకృపకు పాత్రులని ఆయన మతము. మన నవలాకారుల సర్దారులు గజాలీని చదివినట్లు లేదు.

‘జిమ్మీ’ వేఱు తెగకు చెందిన మాట. కాఫిరనునది మతవిషయమైన తీర్పు. జిమ్మీ యనునది ధర్మశాస్త్రములోని ఒడంబడిక. ‘జిమ్మా’ అనగా పూచీ. ఈ మాట మనకు పరాయిది కాదు. సొమ్మును ఒకరి జిమ్మాలో ఉంచితిమని మన పెద్దలు అనుచునే యుండిరి, జిమ్మేదారి యనుట తెలంగాణములో నేటికిని గలదు. ముసల్మాను ప్రభుత్వము తన పూచీలోనికి తీసికొన్న అన్యమతస్థుడు జిమ్మీ. అతని ప్రాణము, ధనము, ఆరాధన కాపాడబడును; అతడు జిజియా పన్ను చెల్లింపవలెను. మొదట యూదులకును క్రైస్తవులకును, అనగా గ్రంథము గలవారికి, ఏర్పడిన ఈ పద్ధతి పారసీకులైన అగ్నిపూజకులకును వర్తించెను. 712 ప్రాంతమున సింధును గెలిచిన ముహమ్మదు బిన్ కాసిము అచటి దేవాలయములను క్రైస్తవుల, యూదుల ఆలయములతో సమముగా నెంచెనని తొమ్మిదవ శతాబ్దపు చరిత్రకారుడు బలాజురీ వ్రాసెను. షాఫియీ శాస్త్రజ్ఞులు ఈ పూచీని గ్రంథము గలవారికే పరిమితము చేయగా, హనఫీలు విగ్రహారాధకులకును విస్తరింపజేసిరి. ఢిల్లీ సుల్తానులు హనఫీ మార్గము వారగుట హిందువులకు ఎంత ముఖ్యమో చెప్పనక్కఱలేదు.

కనుక జిమ్మీని ‘బానిస’ యనుట అబద్ధము. ‘రక్షితుడు’ అని ఊరకుండుటయు సగము నిజమే. జిజియా కేవలము సైనికసేవకు బదులని సమర్థించువారితో మేము ఏకీభవింపజాలము. ఆ పన్నుతో పాటు ఒక మెట్టు క్రిందనుండుటయు వచ్చినది. అక్బరు 1564లో దానిని తీసివేయుటయు, ఔరంగజేబు 1679లో మరల విధించుటయు సొమ్ముకొఱకే యైనచో అంత చర్చ యెందుకు పుట్టును?

అటులని ఇట్టి పేళ్లు వారికే గలవని యెవరును గర్వింపరాదు. అశోకుని శాసనములలో ‘పాషండ’ మనగా ఏ మతశాఖయైనను సరియే. అన్ని పాషండములను గౌరవింపుమని ఆయన ఆజ్ఞ. ఆ శాసనములు మన కర్నూలు సీమలో ఎఱ్ఱగుడి బండలమీదను గలవు. తరువాతి మన పండితులు ఆ మాటనే వేదబాహ్యునికి తిట్టుగా మార్చిరి. ‘మ్లేచ్ఛ’ సంగతి వేఱుగ చెప్పనేల?

పేళ్లను మార్చిన ప్రభుత్వములును, పండితులును ముసల్మానులలోనే గలరు. 1856లో తురుష్క సుల్తాను తన ఫర్మానాలో, మతము, భాష, జాతి కారణముగ ఒక వర్గమును తక్కువపఱచు పేళ్లను ప్రభుత్వ వ్రాతలనుండి తొలగింపుడని శాసించెను. ఇండొనేసియాలో 1926లో స్థాపితమైన నహ్దతుల్ ఉలమా సంఘము 2019లో పశ్చిమజావాలోని బంజర్ పట్టణమున సమావేశమై, తమ దేశమందలి ఇతర మతస్థులను కాఫిరులని పిలువరాదని నిర్ణయించినది. ఖురానులోని మాటను వారు తుడిచివేయలేదు. పౌరసత్వమునకు అది వర్తింపదనిరి. వారు దానికి మాఱుగా ఎన్నుకొన్న అరబీ మాట ‘మువాతిన్’. అనగా పౌరుడు, దీనిని తెనిగించుటకు మన అనువాదకులు శ్రమపడనక్కఱలేదు.