ఖాళీ చేసిన ఊరు

మాది కొత్తగూడ. చుట్టూ అడవి, కోయ గూడేలు. ములుగు, భూపాలపల్లి వైపు పోతే గొత్తికోయల గుడిసెలు కనిపిస్తాయి. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం మొదలయ్యాక ఊళ్లు వదిలి ఇటు వచ్చినవాళ్లు వాళ్లలో చాలామంది. ఆశ్రయం అనే మాట వింటే నాకు ముందు వాళ్లే గుర్తొస్తారు. అందుకేనేమో, ఆండ్రూ వైట్ 1634లో రాసిన మేరీలాండ్ ప్రయాణ వృత్తాంతం చదువుతూ, అందరూ మెచ్చుకునే చోట కాకుండా ఇంకోచోట ఆగిపోయాను.

అందరూ మెచ్చుకునేది శిలువ ఘట్టం. వైట్ జెసూట్ ఫాదర్. ఇంగ్లండులో అలాంటివాళ్లు దొరికితే మరణశిక్ష కూడా పడే కాలం అది. 1633 నవంబరులో ఆర్క్, డవ్ అనే రెండు ఓడల్లో బయల్దేరి, 1634 మార్చి 25న సెయింట్ క్లెమెంట్స్ దీవిలో దివ్యబలిపూజ చేశారు. చెట్టు నరికి శిలువ చేసి, భుజాల మీద మోసి నిలబెట్టారు. దాక్కుని మొక్కినవాళ్లు ఆకాశం కింద మొక్కుతున్నారు. చదువుతుంటే గొంతు పట్టేస్తుంది, నిజమే.

కానీ ఆ ఓడల్లో ఎక్కువమంది ప్రొటెస్టెంట్లు. వలస యజమాని సెసిల్ కాల్వర్ట్ క్యాథలిక్కే. అయినా పూజలు గుట్టుగా చేసుకోండి, మతం ఊసెత్తకండి అని ముందే రాసి పంపాడు. పొగాకు, భూమి, లాభం కూడా ఆ ఓడల్లోనే ఉన్నాయి.

నేను ఆగిపోయింది తర్వాతి పేజీల్లో. వాళ్లు దిగి స్థిరపడిన చోట అప్పటికే యావొకోమాకోల ఊరుంది. గొడ్డళ్లు, పారలు, బట్ట ఇచ్చి ఆ నేల కొన్నారు. ఒక గుడిసెను బాగుచేసి చాపెల్ చేసుకున్నారు. ఆ ఊరివాళ్లు అంత తేలిగ్గా ఎందుకిచ్చారు? సస్క్వెహానక్‌ల దాడులకు భయపడి అప్పటికే వెళ్లిపోవాలనుకుంటున్నారు. ఈ సంగతి చెప్పేది వైటే. అంటే అక్కడ ఆశ్రయం వెతుక్కుంటున్నవాళ్లు రెండు గుంపులు. వైట్ రెండో గుంపును చూశాడు, కానీ వాళ్ల భయంలో ఆయనకు దేవుడి చెయ్యి మాత్రమే కనిపించింది. ఈ రచన బలమూ లోపమూ రెండూ ఇక్కడే ఉన్నాయి: దాచలేదు, ఆలోచించనూ లేదు.

వైట్ చెడ్డవాడు కాదు. తర్వాత పిస్కటవే భాష నేర్చుకుని అందులో జ్ఞానోపదేశం రాశాడు. 1645లో ఆయన్నే సంకెళ్లేసి ఇంగ్లండుకు పంపారు. 1649 నాటి మేరీలాండ్ మత సహన చట్టం కూడా క్రైస్తవుల మధ్య సహనమే. త్రిత్వాన్ని కాదంటే మరణశిక్ష.

మా అడవితో పోలిక తిన్నగా కుదరదు. కుదరని చోటే అసలు విషయం ఉంది. కాల్వర్ట్ చేతిలో 1632 నాటి రాజపత్రం ఉంది. అందులో ఆ నేలను ఇంకా సాగులోకి రానిదిగా రాశారు. తీరా దిగాక దొరికింది యావొకోమాకోలు చదును చేసి పండించిన చేలు. గొత్తికోయ చేతిలో ఏ పత్రమూ లేదు. అతను కొట్టిన పోడు ఆక్రమణ అవుతుంది. పక్క గూడెం కోయకు తన భూమి గురించి తన దిగులు తనకుంది. ఇద్దరి మాటా మనకు చేరేది గొడవైన రోజు పేపర్లోనే.

వైట్ పుస్తకం చదవండి. శిలువ దగ్గర ఆగినా సరే, ఆ గుడిసె దాకా వెళ్లండి. చాపెల్ కాకముందు అందులో ఎవరు పడుకునేవాళ్లో వైట్ రాయలేదు.