ఒక్క అక్షరానికి ఒక ప్యాచ్

వెబ్‌లో ఏదైనా లింకు నొక్కితే, మనం ఏ పేజీ లేదా సైటు నుంచి వస్తున్నామో బ్రౌజర్ సాధారణంగా అవతలి సర్వర్‌కు చెబుతుంది. ఆ సంగతి మోసుకెళ్లే హెడర్ పేరు ‘రెఫరర్’. ఇంగ్లీషు స్పెల్లింగులో మధ్యన రెండు ‘ఆర్’లు ఉండాలి, ఒకటే ఉంది. ఫిలిప్ హాలమ్-బేకర్ ప్రతిపాదనలో దొర్లిన ఆ తప్పు 1996 మేలో వెలువడిన ‘ఆర్‌ఎఫ్‌సి 1945’ అనే వెబ్ నియమాల పత్రంలోకీ ఎక్కేసింది. అప్పటికే ప్రోగ్రాములు ఆ పేరుకు అలవాటు పడిపోయాయి. దిద్దితే అవన్నీ పనిచేయవు. అందుకే ఈనాటికీ అదే స్పెల్లింగు నడుస్తోంది.

తప్పులు అలా పాతుకుపోకముందే ఓపెన్ సోర్స్ డాక్యుమెంటేషన్‌లో అక్షరదోషాలు దిద్దేవాళ్లంటే నాకు గౌరవం. కమాండులో ఒక అక్షరం తారుమారైతే, దాన్ని కాపీ చేసుకున్న కొత్త విద్యార్థి లోపం తనదేననుకుని గంటల తరబడి తంటాలు పడతాడు. ముఖ్యమైన పదం తప్పుగా ఉంటే, వెతికేవాళ్లకు ఆ పేజీయే దొరకదు.

లినక్స్ కెర్నల్‌లో ఈ పనికి ఒక ఫైలే ఉంది. వరుసకో మాట: ముందు తప్పు, తర్వాత రెండు నిలువు గీతలు, ఆపైన ఒప్పు. ‘రిసీవ్’ రాసేటప్పుడు ‘ఇ’, ‘ఐ’ అక్షరాలు అటూ ఇటూ కావడం లాంటివన్నీ అందులో ఉంటాయి. డెబియన్ వాళ్ల లింటియన్ పనిముట్టు నుంచి తెచ్చుకున్న జాబితా అది. చెక్‌ప్యాచ్ అనే స్క్రిప్టు దాన్ని చూసి హెచ్చరిస్తుంది. కోడ్‌స్పెల్ అనే పనిముట్టు చేసే పనీ ఇలాంటిదే.

యంత్రానికి అందనివి వేరే ఉన్నాయి. ‘ఈ సదుపాయం ఇప్పుడు ఉంది’ అనడానికి ‘నౌ’ అని రాయాల్సిన చోట చివరి అక్షరం మారి ‘నాట్’ అయితే, సదుపాయమే లేదని అర్థం వస్తుంది. రెండూ నిఘంటువులో ఉన్న మాటలే. చదివే మనిషే దాన్ని పట్టుకోవాలి.

దిద్దకూడనివీ ఉంటాయి. యూనిక్స్‌లో ఫైలు సృష్టించే ‘క్రియేట్’ కాల్‌కు చివరి ‘ఇ’ లేదు. దాని పేరే అది, ముట్టుకోకూడదు. బ్రిటిష్, అమెరికన్ స్పెల్లింగులు రెండూ చెల్లుతాయని, ఒకదాన్ని తీసి మరొకటి పెట్టనక్కర్లేదని కెర్నల్ మార్గదర్శకాలే చెబుతున్నాయి.

ప్యాచ్‌లో, అంటే పంపే మార్పును చూపే ఫైలులో, మైనస్ గుర్తుతో పాత వరుస, ప్లస్ గుర్తుతో కొత్త వరుస కనిపిస్తాయి. మంచి ప్యాచ్‌లో ఆ రెంటికీ తేడా ఒక్క అక్షరమే. పనిలో పనిగా పేరా మొత్తం వరుసలు సర్దితే ఆ అక్షరం ఎక్కడ మారిందో ప్రాజెక్టు చూసుకునే మెయింటెయినర్ వెతుక్కోవాలి. నా దృష్టిలో ఈ నిగ్రహమే ఇందులో అసలు విద్య.

తెరమీద కనిపించే సందేశాల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. సాఫ్ట్‌వేర్ అనువాదానికి వాడే గెట్‌టెక్స్ట్ పద్ధతిలో ఇంగ్లీషు వాక్యమే తాళంచెవి, తెలుగు అనువాదం దానికే కట్టి ఉంటుంది. ఇంగ్లీషులో ఒక కామా మారినా, ఫైళ్లను కలిపేటప్పుడు మన అనువాదం మీద ‘ఫజీ’ ముద్ర పడుతుంది. ఎవరో ఒకరు చూసి ఆ ముద్ర తీసేదాకా వాడుకరికి ఇంగ్లీషే కనిపిస్తుంది. అందుకే గ్నోమ్ డెస్క్‌టాప్ ప్రాజెక్టులో విడుదలకు ముందు కొన్ని వారాలు సందేశాలు మార్చకుండా కట్టడి చేస్తారు. మరో సంగతి: వాక్యం వాక్యం ఆగి చదివే అనువాదకుల కంట పడ్డన్ని తప్పులు మరెవరి కంటా పడవు.

తప్పు పట్టేవారిని గౌరవించినవారూ ఉన్నారు. అక్షరకూర్పు సాఫ్ట్‌వేర్ ‘టెక్’ సృష్టికర్త డొనాల్డ్ నూత్ తన పుస్తకాల్లో తప్పు మొదట చూపినవారికి 2.56 డాలర్ల చెక్కు పంపేవారు. చాలామంది వాటిని బ్యాంకులో వేయకుండా దాచుకున్నారు. ఓపెన్ సోర్స్‌కు మార్పులు పంపినవారికి టీషర్టు ఇచ్చే హాక్టోబర్‌ఫెస్ట్‌లో 2020లో దీనికి పూర్తిగా వ్యతిరేకం జరిగింది. టీషర్టు కోసం అవసరంలేని మాటలు చేర్చిన మార్పులు వెల్లువెత్తి మెయింటెయినర్లు విసిగిపోయారు. చివరికి ఇష్టపడిన ప్రాజెక్టులే పాల్గొనేలా నిర్వాహకులు నియమం మార్చారు.

మీరు రోజూ వాడే సాఫ్ట్‌వేర్ సహాయ పేజీని ఈసారి నిదానంగా చదవండి. తప్పు కనిపిస్తే తాజా ప్రతిలో ఇంకా ఉందో లేదో చూసుకుని, అదొక్కటే దిద్ది పంపండి. తెలుగు అనువాదమైతే మరీ మంచిది, అక్కడ చదివి దిద్దేవాళ్లు చాలా తక్కువ.