పేరంటాలపల్లి రేవు

గోదావరి మీద పాపికొండల విహారానికి వెళ్లే బోట్లు దాదాపు అన్నీ ఆగే ఊరు పేరంటాలపల్లి. భద్రాచలం వైపు జనం పోచవరం రేవులో బోటెక్కి దిగువకు వస్తారు. రాజమండ్రి వైపు జనం దేవీపట్నం దగ్గర గండిపోశమ్మ గుడి రేవు నుంచి ఎగువకు వస్తారు. ఇద్దరూ దిగేది ఈ గట్టు మీదే. ఊరికి వెనక అడవి, ముందు గోదారి. అడవిలో కాలిబాటలున్నా అవి అక్కడ పుట్టి పెరిగిన వాళ్లకే తెలుస్తాయి. బయటివాడికి నీటిదారే దారి. చుట్టూ సముద్రం లేకపోయినా ఇది దీవి కిందే లెక్క. ఉప్పూ కిరోసినూ నీటి మీదే రావాలి, జ్వరమొచ్చిన మనిషి నీటి మీదే ఆస్పత్రికి పోవాలి.

ఈ ఒంటరితనానికి కారణం నది నడక. భద్రాచలం దగ్గర గోదావరి విశాలంగా, వేసవిలో మేటలు వేసుకుని ఉంటుంది. కూనవరం దగ్గర శబరి వచ్చి కలుస్తుంది. అక్కడి నుంచి నది తూర్పు కనుమలను కోసుకుంటూ సాగుతుంది. రెండు పక్కలా కొండలు ముందుకొచ్చేసరికి వెడల్పు తగ్గిపోతుంది; కొన్నిచోట్ల రెండు మూడు వందల మీటర్లకు మించదు. పక్కకు పోలేని నీళ్లు లోతుకు పోతాయి. పైకి చూస్తే చెరువులా నిశ్చలంగా ఉంటుంది గానీ అడుగున ఒరవడి, మలుపుల దగ్గర సుళ్లు ఉంటాయి. గట్టు వెంట బండి బాట వేయడానికి చోటు లేదు. పోలవరం దగ్గర కొండలు దాటి మైదానంలో పడేదాకా ఇదే తీరు. ఈ కొండల అడవిని 1978లో అభయారణ్యంగా, 2008లో జాతీయ పార్కుగా ప్రకటించారు. విస్తీర్ణం వెయ్యి చదరపు కిలోమీటర్ల పైమాటే.

పోచవరం భద్రాచలానికి అరవై డెబ్బై కిలోమీటర్ల దూరం. ఖమ్మం నుంచి వెళ్లేవాళ్లు ముందురోజు రాత్రికి భద్రాచలం చేరి, తెల్లవారి రాములవారి దర్శనం చేసుకుని, కూనవరం మీదుగా రేవుకు పోతారు. తొమ్మిది, పది గంటల మధ్య బోటు కదులుతుంది. సాయంత్రం నాలుగైదు గంటలకు తిరిగి ఒడ్డు చేరుస్తుంది. మధ్యాహ్నం భోజనం బోటులోనే. మైకులో సినిమా పాటలు, పిల్లల డాన్సులు కూడా టికెట్టులో భాగంగానే నడుస్తాయి. కొండలు దగ్గరపడ్డాక మైకు కట్టేసే బోట్లు అరుదు. ఆ ఇరుకు దారిలో నిశ్శబ్దంగా వెళ్తే ఒడ్డున కోతుల గోల, చెట్ల మీద పిట్టల కూతలు బోటులోకి వినిపిస్తాయి. అరగంటపాటైనా పాట ఆపడం బోటు వాళ్ల చేతిలో పని, పైసా ఖర్చు లేని పని.

భద్రాచలం ప్రజలకు ఈ యాత్ర ఇప్పుడు రాష్ట్రం దాటే ప్రయాణం. ఈ నది చాలాకాలం సరిహద్దుగానే ఉంది. 1860లో నిజాం భద్రాచలం ప్రాంతాన్ని ఇంగ్లీషువారికి అప్పగించాక ఎడమ గట్టు కంపెనీ పోయి వచ్చిన రాణి ప్రభుత్వానిది, కుడి గట్టు నిజాం రాజ్యంలోని పాల్వంచ సంస్థానానిది. ఖమ్మం జిల్లా 1953లో ఏర్పడింది. 1959లో భద్రాచలం, నూగూరు తాలూకాలు అందులో కలిశాయి. దాంతో రెండు గట్లూ ఒకే జిల్లా అయ్యాయి. 2014లో దిగువన కడుతున్న పోలవరం ప్రాజెక్టు ముంపు పేరుతో వి.ఆర్.పురం, కూనవరం, చింతూరు, వేలేరుపాడు, కుక్కునూరు తదితర మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి, భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలింది. పేరంటాలపల్లి కుడి గట్టున వేలేరుపాడు మండలంలోని ఊరు. దాన్ని ఇప్పటికీ మన జిల్లా ఊరనే చెప్పుకునే వాళ్లు ఖమ్మంలో చాలామంది ఉన్నారు. ఆ చెప్పుకోవడంలో తప్పేమీ లేదు. చుట్టరికాలూ సంతలూ గెజిట్ ప్రకారం మారవు.

రేవులో దిగి మెట్లెక్కితే మొదట కనిపించేది శ్రీరామకృష్ణ మునివాటం. గత శతాబ్దం తొలి సగంలో బాలానంద స్వామి ఇక్కడికి లాంచీ మీద వచ్చి, ఇక్కడి గిరిజనులైన కొండరెడ్ల మధ్యే ఉండిపోయి నెలకొల్పిన ఆశ్రమం అది. లోపల శివాలయం, పక్కనే రాళ్ల మీదుగా దూకే కొండవాగు. చెట్ల నీడ దట్టంగా ఉండడం వల్ల గట్టు మీద ఎండ మండుతున్నా లోపల చల్లగా ఉంటుంది. యాత్రికులు వాగులో కాళ్లు కడుక్కుని, దండం పెట్టుకుని బయటపడతారు. ఆ కొద్దిసేపు అందరూ గొంతు తగ్గించే మాట్లాడతారు.

బయటికొచ్చాక బాట పక్కన వెదురు సామాను పరిచి ఉంటుంది. అమ్మేది ఎక్కువగా కొండరెడ్ల ఆడవాళ్లు. చిన్న బుట్టలు, చేటలు, పెన్నులు పెట్టుకునే గొట్టాలు, అన్నిటికన్నా ముందు రంగురంగుల వెదురు పూలు. ఈ పూవు చేసే పని దగ్గరగా నిలబడి చూడదగ్గది. పచ్చి వెదురును వేలెడు లావు పుల్లగా చీల్చుకుంటారు. చిన్న కత్తిని వాలుగా పెట్టి, పైనుంచి కిందికి పొరను పల్చగా లేపుతారు. పొర తెగిపోకూడదు, మొదలు దగ్గర పుల్లను పట్టుకునే ఉండాలి. కత్తి ఆపగానే ఆ పొర తనంతట తానే చుట్టుకుంటుంది. పుల్లను కొంచెం తిప్పి ఇంకో పొర, మళ్లీ కొంచెం తిప్పి ఇంకోటి. అలా చుట్టూ లేచిన పొరలే రేకులు. తర్వాత రంగులో ముంచి ఆరబెడతారు. వెదురు ఎండిపోతే పొర చుట్టుకోదు, విరుగుతుంది. కాబట్టి ఎప్పటికప్పుడు అడవికి పోయి నరుక్కురావలసిందే. చేతిపని సగం కత్తిలో ఉంటే సగం ఏ గెడ నరకాలో ఎంచుకోవడంలో ఉంది. మరీ లేతది మెత్తబడుతుంది, ముదిరింది మొండికేస్తుంది.

బోటు ఇక్కడ ఆగేది కొద్దిసేపే. సరంగు హారన్ కొట్టాడంటే జనం మెట్ల వైపు పరిగెడతారు. గుడి చూసి, ఫొటోలు దిగి, వాగు దాకా పోయొచ్చేసరికి బేరానికి మిగిలేది చివరి కొద్ది నిమిషాలు. ఆ తొందరలోనే పూలకు ధర అడిగి, సగానికి దించమంటారు. పట్నం మాల్‌లో చీటీ మీద రాసిన ధర మారుమాట లేకుండా చెల్లించేవాళ్లు, గంటల పని పెట్టిన చేటకు పది రూపాయల దగ్గర పట్టుబట్టడం అన్యాయం. అడిగిన ధర ఇచ్చి కొంటే కొనేవాడి జేబుకు తెలిసేంత నష్టం లేదు. ఆ డబ్బు గట్టు మీదే నిలుస్తుంది. బోటు టికెట్టులో ఆ ఊరికి చేరేది ఏమంత ఉండదు. కొండరెడ్ల కొండలని టికెట్ అమ్మినప్పుడు కొండరెడ్లకు దక్కేది ఆ వెదురు మీద వచ్చిందే.

కొల్లూరు వైపు ఇసుకతిన్నెల మీద వెదురు గుడిసెలు వేసి రాత్రి బస పెట్టే ఏర్పాటు కూడా చాలాకాలం నడిచింది. అక్కడి పేరున్న వంట బొంగులో చికెన్. ఒక వైపు గణుపు మూసి ఉన్న పచ్చి బొంగును కోసి, ఉప్పు, కారం, మసాలా పట్టించిన మాంసం కూరి, మూతిని ఆకులతో బిగించి నిప్పుల్లో పెడతారు. చుక్క నూనె పడదు. పచ్చి వెదురులోని తడి ఆవిరై మాంసాన్ని ఉడికిస్తుంది. బొంగు పైన నల్లబడే వేళకు లోపల ఉడుకుతుంది. మారేడుమిల్లి రోడ్డు మీద ఇది ఇప్పుడు హోటల్ వంట అయిపోయింది గానీ మొదట్నుంచీ గిన్నె మోసుకుపోలేని చోట అడవి మనిషి వండుకునే పద్ధతి అది.

కొండరెడ్లు ప్రభుత్వం ప్రత్యేకంగా బలహీనమైన గిరిజన తెగల్లో చేర్చిన వాళ్లు. మాట తెలుగే. కొండవాలులో పోడు కొట్టి జొన్న, సామ, కందులు పండించారు; జీలుగు చెట్టు కల్లు తాగారు, కరువొస్తే దాని మొద్దులోని పిండి తిన్నారు; మామిడి టెంకలను దంచి, నీళ్లలో చేదు పోగొట్టి జావ కాచుకున్నారు. ఆస్ట్రియాలో పుట్టిన మానవ శాస్త్రవేత్త క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ 1940ల మొదట్లో నిజాం వైపు గట్టున తిరిగి వాళ్ల మీద రాసిన పెద్ద పుస్తకం 1945లో వచ్చింది. పాపికొండలను ఆయన బైసన్ కొండలన్నాడు. బయటి వర్తకులు వచ్చి కలపా వెదురూ నరికించి, తెప్పలు కట్టించి దిగువకు పంపడం, అప్పుల్లో దించి కూలి ఎగ్గొట్టడం ఆ పుస్తకంలో వివరంగా ఉన్నాయి. కాబట్టి ఈ ఊళ్లు ఎవరూ తాకని ఊళ్లని బోటు మైకులో చెప్పే మాట నిజం కాదు. నీటిదారి ఉన్నచోటికి వ్యాపారం ఎప్పుడో వచ్చింది. రాజమండ్రి కాగితపు మిల్లుకు పోయిన వెదురులో ఈ కొండల వాటా ఉంది.

నీటిదారి మీద పెద్ద ఆశ పెట్టుకున్న మనిషి ఆర్థర్ కాటన్. గోదావరి మీద స్టీమర్లు నడిపి లోపలి పత్తిని తీరానికి తేవాలని ఆయన కోరిక. భద్రాచలం ఎగువన దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట, లాకులు ఆ పనిలో భాగంగా వచ్చినవే. ఖర్చు పెరిగి 1871లో పథకం మానేశారు. ఆ పథకం సాగలేదు గానీ లాంచీలు వచ్చాయి. రాజమండ్రి నుంచి భద్రాచలం రాములవారి కల్యాణానికి గోదారి మీద వెళ్లడం ఒక తరానికి మామూలు ప్రయాణం. 1973లో బాపు తీసిన ‘అందాల రాముడు’, 2006లో శేఖర్ కమ్ముల తీసిన ‘గోదావరి’ ఆ దారినే కథగా మలిచాయి. రోడ్లు బాగుపడి లాంచీ ప్రయాణం తగ్గాక మిగిలింది విహారమే.

పేరంటాలపల్లి లాంటి విహార రేవులు సముద్రంలోనూ ఉన్నాయి. పసిఫిక్‌లో వనువాటు దేశపు దక్షిణ కొసన ఇన్యెగ్ అనే చిన్న దీవి ఉంది. క్రూయిజ్ కంపెనీలు దాన్ని మిస్టరీ ఐలండ్ పేరుతో అమ్ముతాయి. అక్కడ ఎవరూ కాపురం ఉండరు. ఓడ వచ్చే రోజున ఎదురుగా ఉన్న అనైట్యమ్ దీవి జనం పడవల్లో వచ్చి దుకాణాలు పరిచి, ఓడ పోగానే సర్దుకుని వెళ్లిపోతారు. పిట్‌కెయిర్న్ దీవిలో ఓడ ఒడ్డుకు రాలేదు కాబట్టి దీవి మనుషులే పడవల మీద ఓడ దగ్గరికి పోయి చెక్కబొమ్మలు అమ్ముకుంటారు. పేరంటాలపల్లిలో మనుషులు కాపురం ఉన్న ఊళ్లోనే బజారు నడుస్తుంది. అందుకే ఇక్కడ దిగేవాడు ఇంకొంచెం ఒద్దికగా ఉండాలి. వాకిట్లో కూర్చున్న ముసలామెను అడక్కుండా ఫొటో తీయడం, ప్లాస్టిక్ సీసాలు వాగులో పారేయడం ఎవరి ఊళ్లోనైనా తప్పే.

ఈ గోదారి దారికి ప్రాణాల లెక్క కూడా ఉంది. 2018 మే నెలలో మంటూరు దగ్గర లాంచీ మునిగి చనిపోయిన వాళ్లలో ఎక్కువమంది విహారులు కారు, పనుల మీద పోతున్న గిరిజనులు. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర విహార బోటు వరద నీటిలో తిరగబడింది. అందులో 26 మంది మాత్రమే బతికారు. దగ్గరి ఊరివాళ్లు పడవల్లో వెళ్లి చేతికందిన వాళ్లను లాగడం వల్ల ఆ కొందరైనా మిగిలారు. మునిగిన బోటును బయటకు తీయడానికి నెలకు పైగా పట్టింది. ఆ తర్వాత బోట్లు ఆగిపోయాయి. ఒడ్డున కంట్రోల్ రూములు పెట్టి, తనిఖీలు కట్టుదిట్టం చేశాకే మళ్లీ వదిలారు. వరద రోజుల్లో ఇప్పుడు అనుమతి లేదు. లైఫ్ జాకెట్ బెల్టు బిగించుకోమంటే ఉక్కపోతని విప్పి పక్కన పెట్టేవాళ్లు ప్రతి బోటులో కనిపిస్తారు. ఆ ఇరుకులో ఈతగాడికి కూడా ఒడ్డు దొరకదు. జాకెట్ విప్పినవాడున్నంతసేపు సరంగు బోటు కదపకూడదు. ఎంత ఆలస్యమైనా సరే.

నీటి తీరే మారిపోతోంది. పోలవరం పనుల్లో భాగంగా 2021 జూన్‌లో గోదావరిని స్పిల్‌వే మీదుగా మళ్లించారు. కాఫర్ డ్యామ్ వెనక నీళ్లు ఎగదన్ని, అంతకు ముందు వేసవిలో బయటపడే మేటలు చాలావరకు నీటిలోనే ఉంటున్నాయి. 2022 జులైలో భద్రాచలం దగ్గర వరద 71.3 అడుగులకు పోయింది. 1986లో వచ్చిన 75.6 అడుగుల తర్వాత అదే పెద్దది. రిజర్వాయర్ పూర్తి మట్టం 45.72 మీటర్లు. ఆ మట్టానికి నీళ్లు నిలిస్తే లోయలోని గట్టు ఊళ్లు, రేవులు, పోడు వాలులో కింది భాగం నీటిపాలవుతాయి. ముంపు ఊళ్ల జనానికి మైదానంలో కాలనీలు కడుతున్నారు, కొందరు ఇప్పటికే తరలిపోయారు. బోటు విహారానికి దీంతో నష్టం లేదు. చెరువైపోయిన నదిలో బోట్లు ఇంకా సులువుగా తిరుగుతాయి. నష్టమంతా దిగి చూడడానికి మిగలని ఊళ్లది.

2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చి, సేకరించే హక్కు అడవి బిడ్డలకు ఇచ్చింది. 2013 భూసేకరణ చట్టం భూమి పోయినవాళ్లనే కాక, ఆ ప్రాంతంలో చేతిపని మీద, అడవి మీద, నీటి మీద బతికే కుటుంబాలను కూడా బాధితులుగా లెక్కించమంటుంది. పేరంటాలపల్లి బాట పక్కన వెదురు పూలమ్మే మనిషికి ఈ రెండు చట్టాలూ వర్తిస్తాయి. కాలనీలో పక్కా ఇల్లు ఇచ్చి ఊరుకుంటే ఆమెకు గెడ నరికే అడవి దూరమవుతుంది, కొనే బోటు కనిపించదు. పునరావాసం చూసే అధికారులు ఆ కుటుంబాల పేర్లు చేతిపనివాళ్లుగా విడిగా రాసుకోవాలి. కొత్త నీటిమట్టానికి సరిపోయేలా బోట్లు ఆగే రేవు ఎక్కడ కట్టినా అందులో అమ్ముకునే చోటు ముందుగా వాళ్ల పేరు మీదే ఉండాలి, దగ్గరి అడవిలో వెదురు కొట్టుకునే హక్కు కాగితం వాళ్ల చేతికి రావాలి.