మోకాలు వంగింది సరే, మతి సంగతేంటి?

మా మెట్టుగూడలో రైల్వేలో చేసి రిటైరైనవాళ్లు ఎక్కువ. మోకాలి ఆపరేషన్ చేయించుకుని ఎవరైనా ఇంటికొస్తే పలకరింపు ఒకటే: "ఎంత వంగుతోంది? 90 వచ్చిందా?" మందులు గుర్తుపెట్టుకుని వేసుకుంటున్నారా, చిల్లర లెక్క తప్పుతోందా అని అడిగేవాళ్లుండరు. ఇంట్లోవాళ్లు కనిపెట్టినా, చాదస్తం అనుకుని సరిపెట్టుకుంటారు.

ఆపరేషన్‌లో ఇచ్చే మత్తుమందుతో మన హైదరాబాద్‌కు పాత చుట్టరికమే. 1888, 1889లలో డాక్టర్ ఎడ్వర్డ్ లారీ పూనికతో నడిచిన హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్లు, ఆ మత్తు ఎక్కువైతే ముందు ఆగేది ఊపిరా, గుండెకాయా అని తేల్చబోయాయి. మతి సంగతికొస్తే, ఆపరేషన్ తర్వాత మా పెద్దాయన మునుపటిలా లేడనే ఇంటివాళ్ల మొరను బెడ్‌ఫర్డ్ అనే బ్రిటిష్ వైద్యుడు పట్టించుకుని లాన్సెట్ పత్రికలో రాసింది 1955లో. 1998లో అదే పత్రికలో వచ్చిన అంతర్జాతీయ అధ్యయనం, 60 దాటినవారిలో పెద్ద ఆపరేషన్ అయిన వారానికి సుమారు 26 శాతం మందికి, మూడు నెలలకు 10 శాతం మందికి జ్ఞాపకం, ఏకాగ్రత తగ్గినట్టు చూపింది. వెన్నుకు మత్తిచ్చినా ఈ బెడద పూర్తిగా తప్పదు. కోతవల్ల ఒంట్లో రేగే వాపు మెదడునూ తాకుతుందని వైద్యుల అనుమానం.

ఈ బెడదకే ఇప్పుడు కరెంటు సూదుల మాట వినిపిస్తోంది. నడినెత్తిన, మోకాలి కింద, మణికట్టుకు పైన సన్నని సూదులు గుచ్చి, చిన్న యంత్రంతో కొద్దిపాటి కరెంటు పంపుతారు. చైనాలో జరిగిన కొన్ని చిన్న పరీక్షల్లో మేలు కనిపించింది. ఎలుకల కాలికి ఇలా కరెంటిస్తే నాడుల ద్వారా వాపు తగ్గుతోందని 2021లో నేచర్ పత్రికలో వచ్చింది. నేనీ వైద్యాన్ని కొట్టిపారేయను. కానీ పై అంకెల్ని మరోసారి చూడండి. 26 నుంచి 10కి దిగింది ఏ సూదీ లేకుండానే. "సూదులు వేయించాక అమ్మ తేరుకుంది" అన్నప్పుడు, అందులో సూదుల వాటా ఎంత, రోజులు గడిచిన వాటా ఎంత?

అది తేలాలంటే ముందు కొలత ఉండాలి. ఆపరేషన్‌కు ముందే ఒక జ్ఞాపకశక్తి పరీక్ష చేయమని డాక్టర్ని అడగండి. ఆపరేషన్ అయిన వారానికి, మళ్లీ మూడు నెలలకు అదే పరీక్ష చేయించండి. మతి తడబడకుండా కళ్లజోడు, చెవి మిషను వార్డులోనూ పెట్టుకోనివ్వండి. రాత్రి నిద్ర చెడకుండా చూడండి. సూదులు వేయించాలనుకుంటే సర్జన్‌కు చెప్పే వేయించండి. రక్తాన్ని పలచబరిచే మందులు వాడుతుంటారు, కొత్త కీలు దగ్గర గుచ్చనివ్వకూడదు, పేస్‌మేకర్ ఉన్నవాళ్లకు కరెంటు పనికిరాదు. ఇవన్నీ పాటించాక సూది మేలు చేసిందంటే, ఆ మాట నమ్మడానికి నేనూ సిద్ధమే.