పాలప్యాకెట్ మూల

అమీర్‌పేటలో నేర్పని విద్య లేదు. మైత్రివనం చుట్టూ ఎటు చూసినా కోర్సుల బోర్డులే. ఇంట్లోవాళ్ల చేత తడి చెత్త, పొడి చెత్త వేరు చేయించే విద్యకు మాత్రం ఎవరూ బ్యాచ్ పెట్టలేదు. ఆ క్లాసు ఇల్లాలే తీసుకోవాలి.

2015లో జీహెచ్‌ఎంసీ తడి, పొడి చెత్తలకని ఇంటికో ఆకుపచ్చ డబ్బా, నీలం డబ్బా పంచింది. చాలా ఇళ్లలో ఒకదాంట్లో బియ్యం పోశారు, ఇంకోదాంట్లో నీళ్లు పట్టారు. మరుసటి ఏడాది వచ్చిన కేంద్ర నిబంధనలైతే తడి, పొడి, ప్రమాదకరం అంటూ ఇంట్లోనే మూడుగా విడదీయమన్నాయి. కుళ్లే చెత్త వల్ల కూడా భూమి వేడెక్కుతోందని నేను మొదలుపెడితే మా వారు ఫ్యాను ఒక పాయింటు పెంచి పేపరు తిరగేశారు.

మా అబ్బాయికి నేను చెప్పి ఒప్పించింది ఏమీ లేదు. చెత్త ఇచ్చి రమ్మని కిందికి పంపానంతే. స్వచ్ఛ ఆటో వెంట వచ్చే ఆమె మా కవరు విప్పి, సాంబారు మెతుకుల్లోంచి నీళ్లసీసాలు, అట్టముక్కలు ఉత్త చేత్తో ఏరి గోనెసంచిలో వేసుకుంటోంది. అవి అమ్ముకుంటేనే ఆమెకు నాలుగు డబ్బులు. మర్నాడు వాడు షేవింగ్ బ్లేడు కాగితంలో చుట్టి పట్టుకొచ్చి, "ఇదెక్కడ వేయాలమ్మా?" అన్నాడు.

పంజాగుట్టలో పారేసినా, అమీర్‌పేటలో పారేసినా నగరం చెత్తలో ఎక్కువ భాగం వెళ్లేది జవహర్‌నగర్ డంపింగ్‌యార్డుకే. అక్కడ కుప్ప అడుగున గాలి తగలకుండా కుళ్లిన తడిచెత్త మీథేన్‌ను పుట్టిస్తుంది. వందేళ్ల లెక్కన చూస్తే అది కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 28 రెట్లు వేడిని పట్టి ఉంచుతుంది. కుప్పలోంచి ఊరిన నల్లనీళ్లు అక్కడి మల్కారం చెరువును పాడుచేశాయి. చెత్త మండించి కరెంటు తీసే ప్లాంటు ఉందిగా అంటారు. ఉంది. కానీ అరటితొక్క మండాలంటే ముందు అందులోని నీరంతా ఆవిరవ్వాలి, ఆ మేరకు మంట బలం తగ్గుతుంది.

మా ఇంట్లో అసలు తిప్పలు పాలప్యాకెట్‌తో. అందరం కత్తెరతో మూల తెగ్గోస్తాం. ఆ గోరంత ముక్క సింకులోకో, కూరగాయల తొక్కల్లోకో పోతుంది. దాన్ని ఎవరూ ఏరరు, ఎవరూ కొనరు. మూల ఊడిపోకుండా గాటు పెట్టి వదిలేస్తే కవరు మొత్తం ఒక్కటిగా ఉంటుంది. కడిగి ఆరబెట్టి పోగేస్తే పాతసామాన్లవాళ్లు తూకానికి తీసుకుంటారు. ఈ మాట అత్తయ్యతో అంటే, "ఇన్నేళ్లుగా పాలు కాస్తున్నా, ప్యాకెట్ కోయడం నువ్వు నేర్పాలా?" అన్నారు. ఇంకేం మాట్లాడకుండా సింకు పైన ఒక తీగ కట్టి, నాలుగు క్లిప్పులు తగిలించాను. కవర్లమ్మిన డబ్బు తనదేనని ఆవిడ షరతు పెట్టారు. సరేనన్నాను. ఆ డబ్బు బల్కంపేట ఎల్లమ్మ హుండీలోకి వెళ్తోంది. ఇప్పుడు ఎవరైనా మూల తెగ్గోస్తే ఊరుకోనిది ఆవిడే. ఇంట్లో ఏ పనైనా ఫలానావాళ్లదని తేలితేనే నిలుస్తుంది. అందరిదీ అన్నామా, చివరికి ఇల్లాలి నెత్తినే.

మా వారి సంగతి వేరు. ఆదివారం టిఫిన్ తెచ్చేది ఆయన. 120 మైక్రాన్లకు తక్కువ మందమున్న క్యారీబ్యాగులపై 2022 చివరి నుంచి నిషేధం ఉంది. పొగలు కక్కే సాంబారు మాత్రం పల్చటి కవర్లో ముడేసుకుని వచ్చేది. క్యారియర్ పట్టుకెళ్లమంటే నామోషీ అన్నారు. ఒకసారి పట్టుకెళ్లాక, గిన్నెలో పోయించుకుంటే గరిటెడు ఎక్కువ పడుతుందని తెలిసింది. ఇక నేను గుర్తుచేయక్కర్లేదు.

తడి చెత్తను ఇంట్లోనే ఎరువుగా మార్చే కుండ గురించి ఒక్కమాట. తొక్కలు మాత్రమే వేస్తే కంపు కొడుతుంది, పైన ఎండుటాకులు పరుస్తూ ఉండాలి. ఫ్లాట్లో ఎండుటాకులెక్కడివి? పొద్దున్నే వీధి ఊడ్చే ఆమె పోగుచేసినవి ఒక సంచెడు అడిగి తెచ్చుకుంటాను.

ఇక మా పనావిడ. మా అపార్ట్‌మెంట్లోనే ఇంకొన్ని ఇళ్లలో కూడా చేస్తుంది. ఒక ఇంట్లో అంతా ఒకే డబ్బా, ఒక ఇంట్లో రెండు, ఇంకో ఇంట్లో డబ్బాల రంగులు తారుమారు. "ఇంటికో రూలైతే నాకెట్ల యాదుంటదమ్మా? మీరందరు కలిసి ఒక్కటే మాట అనుకోండ్రి," అంది. అదే న్యాయం. వచ్చే అసోసియేషన్ మీటింగులో ఈ సంగతి ఎత్తుతాను. పార్కింగ్ గొడవ తేలాక, మెయింటెనెన్స్ బాకీల గొడవ మొదలయ్యేలోపు ఎత్తాలి.