బెంగ తీసేసిన జ్ఞాపకం

పోయిన వేసవిలో ఓ రాత్రి కంచం ఒళ్ళో పెట్టుకుని మ్యాచ్ చూస్తున్నాను. ఓవర్‌కీ ఓవర్‌కీ మధ్య ఏదో పచ్చళ్ళ యాడ్ వచ్చింది. పెంకుటిల్లు, పెరట్లో మామిడిచెట్టు, తెల్లజుట్టు ముసలావిడ, ఒక్క మడతా చెదరని నేతచీర. జాడీలో చెయ్యి పెట్టి ఆవకాయ కలుపుతూ మనవడికేసి చూసి నవ్వుతుంది. వెనక వేణువు. అంతే, నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. మా అమ్మమ్మ పోయి ఆరేళ్ళు. వెంటనే అమ్మకి ఫోన్ చేశాను.

"అమ్మమ్మ గుర్తొచ్చిందమ్మా. అచ్చం ఇలాగే నవ్వుతూ కలిపేది కదా ఆవకాయ!"

"నవ్వుతూనా?" అంది అమ్మ. "ఆవకాయ పెట్టే రోజు మా అమ్మని పలకరించే ధైర్యం ఎవరికుండేది? చేతులు భగభగ మండుతుంటే దగ్గరికొచ్చిన వాళ్ళనల్లా తిట్టేది. నిన్నూ తిట్టింది, మర్చిపోయావా?"

మర్చిపోయాను. మర్చిపోతే ఫర్వాలేదు, ఆ ఖాళీలోకి నవ్వే ముసలావిడ ఒకావిడ వచ్చి కూర్చుంది. ఆవిడ మా అమ్మమ్మ కాదు. ఎవరో కాపీ రైటర్ రాసుకున్న అమ్మమ్మ. ఆ రాత్రి నుంచి ఈ 'పాత రోజుల' యాడ్స్ ఏవి కనిపించినా కాస్త అనుమానంగా చూస్తున్నాను. అవి మన గతాన్ని గుర్తుచేస్తున్నాయా, లేక మన గతం స్థానంలో ఇంకేదో పెడుతున్నాయా?

నాస్టాల్జియా అన్న మాట కవులది కాదు, వైద్యులది. 1688లో బాసెల్‌లో యోహానెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి తన సిద్ధాంత వ్యాసం కోసం దాన్ని తయారుచేశాడు. గ్రీకులో నోస్టోస్ అంటే ఇల్లు చేరడం, ఆల్గోస్ అంటే నొప్పి. ఊరికి దూరమై చిక్కి సగమైపోతున్నవాళ్ళ జబ్బుకి అతను పెట్టిన పేరది. మనవాళ్ళు దీన్ని 'గతకాలపు స్మృతి' అనో 'జ్ఞాపకాల పరిమళం' అనో అనువదిస్తుంటారు గానీ, నాకు మాత్రం దీనికి సరైన తెలుగు 'బెంగ' అనిపిస్తుంది. హాస్టల్లో వేసిన పిల్లాడు ఇంటి మీద బెంగ పెట్టుకుంటాడు. అన్నం మానేస్తాడు, జ్వరం తెచ్చుకుంటాడు. మన ఇళ్ళల్లో ఇప్పటికీ బెంగ అంటే సగం జబ్బే. హోఫర్ చెప్పిందీ అదే.

టీవీ యాడ్ చేసే మొదటి పని ఈ జబ్బులోంచి నొప్పిని తీసేయడం. ఇల్లు ఉంటుంది, దూరం ఉండదు. జ్ఞాపకం ఉంటుంది, బెంగ ఉండదు.

పేపర్ బోట్ సంగతే చూడండి. ఈ బ్రాండ్ వచ్చింది 2013లో. ఆమ్ పన్నా, జల్‌జీరా లాంటివి ప్యాకెట్లలో పోసి, పానీయాలతో పాటు జ్ఞాపకాలనీ అమ్ముతున్నామని బాహాటంగానే చెప్పుకుంది. వాళ్ళ యాడ్‌లో గుల్జార్ గొంతు, దాని వెనక 'మాల్గుడి డేస్' సీరియల్ బాణీ. ఎల్. వైద్యనాథన్ కట్టిన ఆ బాణీ 1980ల్లో దూరదర్శన్ చూసినవాళ్ళకి ఎక్కడ వినపడినా ప్రాణం లేచొస్తుంది. ఆ తర్వాత పుట్టిన నాలాంటి వాళ్ళకి కూడా, యూట్యూబ్ పుణ్యమా అని.

అయితే ఆ బాణీ వెంట గుర్తొచ్చే స్వామి కథ ఏమిటి? ఆర్.కె. నారాయణ్ 'స్వామి అండ్ ఫ్రెండ్స్' 1935లో వచ్చింది. అందులో బాల్యం తీయగా ఏమీ ఉండదు. హెడ్మాస్టర్ బెత్తం ఉంది, నాన్నంటే భయం ఉంది, ఇల్లొదిలి పారిపోయి దారి తప్పడం ఉంది. చివరికి ప్రాణస్నేహితుడు రాజం రైలెక్కి వెళ్ళిపోతాడు. అతను తనతో మళ్ళీ స్నేహంగా ఉన్నాడో లేదో కూడా స్వామికి సరిగ్గా తెలీదు. చదివి పుస్తకం మూసేశాక మిగిలేది బెంగే. యాడ్ వాళ్ళు ఆ రైలుని ప్లాట్‌ఫారం మీదే వదిలేసి బాణీ ఒక్కటే పట్టుకెళ్ళారు.

ఇంకో తమాషా చెప్తాను. మా ఇంట్లో ఆమ్ పన్నా అన్న మాటే ఎవరికీ తెలీదు. వేసవంటే మాకు తాటిముంజలు, గోలీసోడా, మజ్జిగలో పిండిన నిమ్మకాయ. ఆమ్ పన్నా నేను మొదటిసారి తాగింది ఇరవై నాలుగేళ్ళ వయసులో, హైదరాబాద్‌లో ఆఫీసు మెట్ల మీద కూర్చుని, ఆ ప్యాకెట్‌లోంచే. తాగుతూ 'అబ్బ, చిన్నప్పటి రుచి!' అనుకున్నాను. ఎవరి చిన్నప్పటిది? అర్జున్ అప్పాదురై 1996లో వచ్చిన 'మోడర్నిటీ ఎట్ లార్జ్'లో సరిగ్గా దీన్నే పట్టుకుంటాడు. మనం ఎన్నడూ పోగొట్టుకోని వాటి కోసం కూడా దిగులుపడటం ప్రకటనలు మనకి నేర్పుతాయని అంటాడు. తెలుగు ప్రేక్షకులకి ఇందులో ఇంకో మెలిక ఉంది. ఈ దిగులు మనకి చాలాసార్లు హిందీలో తయారై, తెలుగులో డబ్ అయి వస్తుంది. పెదాలు ఒకటి పలుకుతాయి, గొంతు ఇంకోటి చెప్తుంది. బాల్యం మటుకు అందరికీ ఒకటే సైజు.

నొప్పి ఉన్న యాడ్స్ లేవా అంటే, ఉన్నాయి. 2013 నవంబర్‌లో వచ్చిన గూగుల్ 'రీయూనియన్' మీకు గుర్తుండే ఉంటుంది. ఢిల్లీలో ఉండే బల్‌దేవ్, లాహోర్‌లో ఉండే యూసుఫ్, దేశవిభజనలో విడిపోయిన నేస్తాలు. తాతయ్య చెప్పిన చిన్న చిన్న ఆనవాళ్ళు పట్టుకుని మనవరాలు గూగుల్‌లో వెతుకుతుంది, మిఠాయి కొట్టు దొరుకుతుంది, పుట్టినరోజునాడు యూసుఫ్ వచ్చి గుమ్మంలో నిలబడతాడు. నేను ఎన్నిసార్లు చూశానో, అన్నిసార్లూ ఏడ్చాను. ఇప్పుడు చూసినా ఏడుస్తాను. నటులు గొప్పవాళ్ళు, గాయం నిజమైనది.

కానీ ఆ యాడ్ ఏం చెప్తోందో ఒకసారి ఆలోచించండి. ఇద్దరు ముసలివాళ్ళు అన్నేళ్ళు కలవలేకపోవడానికి కారణం సమాచారం లేకపోవడమట. కొట్టు అడ్రసు దొరకదు, దొరికితే అంతా సుఖాంతం. వీసా కూడా ఫోన్‌లో వెతికితే తేలిపోయే వివరమే. విభజన ఎందుకు జరిగిందో, ఆ సరిహద్దు ఇప్పటికీ ఎందుకంత గట్టిగా బిగుసుకుని ఉందో అక్కడ ఎవరూ అడగరు. నొప్పిని చూపించారు, దాని కారణాన్ని దాచారు. బెంగ ఉంది, కానీ దానికి మందు సెర్చ్ బార్‌లో దొరుకుతుంది.

'ముప్ఫై సెకన్ల యాడ్‌లో చరిత్ర పాఠం చెప్పమంటావా?' అని మా కొలీగ్ ఒకతను నాతో వాదించాడు. న్యాయమైన ప్రశ్నే. దానికి నా జవాబు క్యాడ్‌బరీ డెయిరీ మిల్క్. 1994 నాటి యాడ్‌లో బ్యాట్స్‌మన్ సిక్స్ కొడితే, గ్యాలరీలో కూర్చున్న అమ్మాయి సెక్యూరిటీని తప్పించుకుని మైదానంలోకి దూసుకొచ్చి డ్యాన్స్ చేస్తుంది. 2021లో అదే యాడ్ మళ్ళీ తీశారు. అదే పాట, అవే షాట్లు. ఈసారి బ్యాట్ అమ్మాయి చేతిలో ఉంది, డ్యాన్స్ చేసేది అబ్బాయి. మహిళల ప్రీమియర్ లీగ్ ఇంకా రెండేళ్ళ దూరంలో ఉన్న రోజులు.

పాతది గుర్తున్నవాళ్ళకే కొత్తదాని అర్థం తడుతుంది. తట్టగానే, పాతదాంట్లో ఆడపిల్ల చప్పట్లు కొట్టడానికే ఉందన్న సంగతి తడుతుంది. మనం ఇరవై ఏడేళ్ళు ముద్దుచేసిన జ్ఞాపకంలో మనకి కనపడనిది ఒకటుందని అదే జ్ఞాపకంతో చెప్పారు. వాళ్ళు అమ్మేది చాక్లెట్టే, సందేహం లేదు. ఒక యాడ్‌తో లెక్క సరిపోయిందనుకోవడమూ తొందరపాటే. కానీ వెనక్కి చూడటానికీ వెనక్కి చూసి ప్రశ్న వేయడానికీ తేడా అంత కొద్ది సమయంలోనూ చూపించొచ్చని రుజువైంది.

ఆ తేడా నాకెందుకు ముఖ్యమో చెప్పాలంటే మళ్ళీ మా అమ్మతో ఫోన్ దగ్గరికి రావాలి. ఆ రాత్రి చాలాసేపు మాట్లాడుకున్నాం. అమ్మమ్మకి ఆవకాయ అంటే వారం రోజుల నడుంనొప్పి అని చెప్పింది. బయట చేరితే అమ్మని జాడీ ఉన్న గది ఛాయలకే రానిచ్చేవారు కాదని చెప్పింది. తర్వాత నేనెప్పుడూ అడగని సంగతి ఒకటి, మామూలుగా, ఆవులిస్తూ చెప్పింది. కారం దంచింది అమ్మమ్మ కాదు. ఊరి చివర్నుంచి ఒకావిడ వచ్చేది. పొద్దున్నించి మధ్యాహ్నం దాకా పెరట్లో రోలు దగ్గర దంచేది. మంచినీళ్ళు అడిగితే ఎత్తి దోసిట్లో పోసేవారు. ఆవిడ గడప దాటి లోపలికి రాకూడదు. ఆవకాయలో కారం ఆవిడ దంచిందే, జాడీ మాత్రం ఆవిడ ముట్టుకోకూడదు.

"ఆవిడకి దగ్గు ఉండేది. కారం ఘాటుకి," అంది అమ్మ.

అమ్మకి ఆవిడ పేరు కూడా గుర్తుంది. నాకు ఆవిడ ఉన్నట్టే తెలీదు. తిట్టే అమ్మమ్మని మర్చిపోయినందుకు యాడ్‌ని తప్పుపట్టాను సరే, దగ్గే ఆవిడని నాకెవరూ చెప్పనే లేదు. ఆ పని యాడ్ కంటే ముందే మా ఇల్లే చేసింది. యాడ్ ఎక్కడినుంచో అబద్ధం తేలేదు. మనం ఇంట్లో చెప్పుకునే కథకే వేణువు కలిపి, దీపాలు పెట్టి, మనకి తిరిగి అమ్మింది. అందుకే మనకి అంత సులువుగా కళ్ళనీళ్ళొస్తాయి.

యాడ్స్‌ని చూడ్డం మానమని చెప్పను. నేనూ మానలేదు. ఆ పచ్చళ్ళ యాడ్ ఇప్పటికీ వస్తోంది, ఇప్పటికీ గొంతులో ఏదో అడ్డుపడుతుంది. కాకపోతే ఇప్పుడు ఆ ముసలావిడ నవ్వే వేళకి నా చూపు వెనకున్న పెరటి మీదికి పోతుంది. అక్కడ రోలు ఒకటుంటుంది, అలంకారానికి, శుభ్రంగా కడిగి. దాని పక్కన ఎవరూ ఉండరు.