పది పౌండ్ల రసీదు

జింబాబ్వే రచయిత్రి ట్సిట్సి డంగరెంబ్గా నవల ‘నెర్వస్ కండిషన్స్’ (1988)ను మన ఇంగ్లిషు శాఖల్లో వలసానంతర నవలగా పాఠం చెప్తారు. ఫానన్ పుస్తకానికి సార్త్ర్ రాసిన ముందుమాటలోంచి తీసుకున్న పేరు కాబట్టి చర్చంతా అటే పోతుంది. తంబు మొక్కజొన్న చేను మరుగున పడుతుంది.

నాకు మాత్రం నవలకు ఆయువుపట్టు ఆ చేనే. ఫీజుకు డబ్బు లేదని బడి మానిపించిన పిల్ల, విత్తనాలు అడిగి తెచ్చుకుని సొంతంగా పంట వేస్తుంది. కంకుల్ని అన్నే దొంగిలించి స్నేహితులకు పంచుతాడు. మిగిలినవి పట్నంలో అమ్మబోతే ఒక తెల్లావిడ జాలిపడి పది పౌండ్లిస్తుంది. హెడ్మాస్టరు దాన్ని ఫీజు కింద జమకట్టుకుని రసీదిస్తాడు. తండ్రి బడికొచ్చి, కూతురు తనదైనప్పుడు డబ్బూ తనదేనని తగాదా పెట్టుకుంటాడు. ఆడపిల్ల శ్రమ ఎవరి ఖాతాలో పడుతుందన్న ప్రశ్నను ఇంత తేటగా అడిగిన సన్నివేశం నేను మరోచోట చదవలేదు.

ఆ ప్రశ్న మా తాండూరు, వికారాబాద్ వైపు ఎప్పుడో అడిగారు. ఈ రెండు ఊళ్లూ 2016 దాకా రంగారెడ్డి జిల్లాలోవే. 1991లో ఆ జిల్లాలో పిల్లల్ని పని మాన్పించి బడికి పంపే పని మొదలుపెట్టిన ఎం.వి. ఫౌండేషన్, శాంతా సిన్హా నాయకత్వంలో, బడికి రాని ప్రతి బిడ్డా బాలకార్మికురాలే, బాలకార్మికుడే అంది. 1986 బాలకార్మిక చట్టం కొన్ని పనుల్నే నిషేధించింది. చంటివాణ్ణి ఎత్తుకుని, నీళ్లు మోసి, కంది చేలోకి అమ్మ వెంట నడిచే పిల్ల ఆ చట్టం కంటికి ఆనలేదు. బడి వేళలయ్యాక ఇంటివాళ్ల పనిలో సాయపడొచ్చని 2016 సవరణ మళ్లీ వెసులుబాటిచ్చింది. ఆ సాయం ఎవరి వంతో వేరే చెప్పాలా!

నవలతో నా పేచీ ఇక్కడే. అన్న చనిపోతే గాని తంబుకు మిషన్ బడి దొరకదు. ఆ తర్వాత ప్రవేశ పరీక్ష గెలిచి, ఆఫ్రికన్ అమ్మాయిలకు కేటాయించిన కొద్దిపాటి సీట్లలో ఒకటి సంపాదించి కాన్వెంటుకు వెళ్తుంది. చెల్లెలు నెట్సాయి ఇంటిపట్టునే ఉండిపోతుంది. ఆమెకంటూ ఒక కథ లేదు. ‘ది బుక్ ఆఫ్ నాట్’ (2006)లో మాత్రం యుద్ధంలో కాలు పోగొట్టుకుని కనిపిస్తుంది. న్యాషా జబ్బు మీద మనం రాసుకున్న వ్యాసాల్లో నెట్సాయికి ఒక పేరా అయినా దక్కిందా?

ఎం.వి. ఫౌండేషన్ పిల్లలందరూ అంది. చురుకైన పిల్లని ఏరుకోలేదు. ఇప్పుడు గురుకులంలో ఐదో తరగతి సీటుకు ప్రవేశ పరీక్ష. సీటొచ్చిన పిల్లకు హాస్టలు, భోజనం, పుస్తకాలు దొరుకుతాయి. దొరకాలి కూడా, అందులో నాకు రెండో మాట లేదు. రాని చెల్లెలు ఊరి బడికే వెళ్తుంది. 2009 విద్యాహక్కు చట్టం ఆమెకు పద్నాలుగేళ్లు నిండేదాకే తోడుంటుంది. ఆ తర్వాత ఇంటర్ కాలేజీకి బస్సెక్కాలి. పత్తి ఏరే రోజుల్లో ఆ బస్సు ఎక్కనిస్తారా అన్నది ఇంట్లో తేలుతుంది.

వికారాబాద్‌లోనో తాండూరులోనో ఈ నవల పాఠం చెప్పే అధ్యాపకురాలు ఎవరైనా ఉంటే, ఫానన్‌ని కాస్త ఆగమని, నెట్సాయితో మొదలుపెట్టమని అడుగుతాను. తరగతిలో కూర్చున్నవాళ్లలో ఎందరి చెల్లెళ్లు ఆరోజు చేలో ఉన్నారో కూడా అడగమంటాను.